గ్రీన్‌కు హోల్స్ కొట్టాక బంతి మళ్లీ నున్నగా దొర్లాలంటే

గోల్ఫ్ కోర్సులో బంతిని దొర్లించి గుంతలో వేసే, బాగా పొట్టిగా కోసిన గడ్డి నేలనే గ్రీన్ అంటాం. నాకు వచ్చే ప్రశ్నల్లో సగం దాని గురించే. క్లబ్ మెంబర్లు ఒకలా అడుగుతారు: "పచ్చగా, నున్నగా ఉన్న గ్రీన్‌ను పట్టుకుని జల్లెడ చేసేశారేంటండీ?" కోర్సు చూసుకునే కుర్రాళ్లు ఇంకోలా అడుగుతారు: "సార్, ఏరేషన్ (నేలకు గాలి, నీళ్లు దిగేలా హోల్స్ కొట్టడం) చేసి నెల కావస్తోంది. ఇంకా బంతి గెంతుతూనే ఉంది. కమిటీ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు, ఒకటే టెన్షన్." ఇద్దరికీ నా జవాబు ఒక్కటే. బంతిని గెంతించేది హోల్ కాదు, సగం నిండిన హోల్. పని చేసిన రోజు సాయంత్రం మీరు ఎంత ఓపిగ్గా ఇసుక నింపారన్నదే తర్వాత మూడు వారాల పుటింగ్‌ను, అంటే గ్రీన్ మీద బంతి దొర్లించే ఆటను, నిర్ణయిస్తుంది.

ఇక్కడ చెప్పేదంతా మన ఎండల్లో పెరిగే బర్ముడా గ్రీన్ల గురించి. బర్ముడా అంటే ఏదో విదేశీ గడ్డి అనుకోకండి, వినాయక చవితికి కోసుకొచ్చే గరికే. గ్రీన్ల మీద పరిచే టిఫ్‌డ్వార్ఫ్, టిఫ్‌ఈగిల్ లాంటివి గరికకూ, ఆఫ్రికాలోని దాని దాయాది గడ్డికీ పుట్టిన సంకర రకాలు. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో టిఫ్టన్ అనే ఊరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చాయి కాబట్టి ఆ పేర్లు. గరిక స్వభావం మీకు తెలిసిందే. తొక్కినా చావదు, కోసినా చావదు. చలి తగిలితే మాత్రం ముడుచుకుంటుంది, నీడ పడితే పలచబడుతుంది. కింద చెప్పబోయే తేదీలన్నీ ఈ స్వభావాన్ని బట్టే.

ముందు గ్రీన్ కడుపులో ఏముందో చూడండి

క్యాలెండర్‌లో రాసి ఉంది కదా అని మెషిన్ బయటికి తీయకండి. ఆట గుంత తవ్వే కప్ కట్టర్‌తోనో, పొడవాటి కత్తితోనో ఒక ముక్క కోసి పైకి తీసి, గోడకు ఆనించి ఒక నిమిషం చూడండి.

పచ్చ గడ్డికి, ఇసుకకు మధ్య గోధుమ రంగులో స్పాంజిలాంటి పొర కనిపిస్తుంది. చచ్చిన కాడలు, వేళ్లు పేరుకున్న పొర అది. దాన్నే థాచ్ అంటాం. వేళ్లతో నొక్కితే నీళ్లు కారి, వదిలితే మళ్లీ ఉబ్బి, మందం సెంటీమీటరు దాటిందంటే మీ గ్రీన్ మెత్తబడిందని అర్థం. ఆటలో ఇది ఎలా తెలుస్తుంది? బంతి పడిన చోట లోతుగా గుంట పడుతుంది, బూట్ల అచ్చులు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పోవు, మూవర్ (గడ్డి కోసే యంత్రం) అక్కడక్కడా గడ్డిని గొరిగేస్తుంది, బంతి దొర్లే స్పీడ్ ఎంతకీ పెరగదు.

థాచ్ పల్చగానే ఉండి, కింది ఇసుకలోకి స్క్రూడ్రైవర్ దిగకపోతే సమస్య వేరు. నేల గట్టిపడింది. వేళ్లు రెండంగుళాల దగ్గరే ఆగిపోయి ఉంటాయి. ముక్క నల్లగా ఉండి, కుళ్లిన గుడ్డు వాసన వస్తే లోపల గాలి ఆడటం లేదు, నీళ్లు నిలిచిపోతున్నాయి.

ఒక్క చోట చూసి తేల్చేయకండి. గ్రీన్‌కు మూడు చోట్లయినా తీయాలి. ముఖ్యంగా ఆటగాళ్లు ఎక్కి దిగే వైపు, చెట్టు నీడ పడే మూల.

ఏ జబ్బుకు ఏ మందు, ఆట ఎన్నాళ్లు చెడుతుంది

హాలో టైన్, అంటే గొట్టంలా ఉండి మట్టిని బయటికి తీసేది. మనవాళ్లు కోరింగ్ అంటారు. థాచ్‌ను నేరుగా బయటికి తీసే ముఖ్యమైన పద్ధతి ఇది. ఆట ఎక్కువగా చెడేదీ దీనితోనే. గడ్డి జోరుగా పెరిగే కాలంలో చేసి, సరిగ్గా నింపితే రెండు మూడు వారాలు పడుతుంది. మొదటి వారం గ్రీన్ మెత్తగా, నిదానంగా ఉంటుంది. తర్వాత మాత్రం ముందుకన్నా గట్టిగా, నున్నగా వస్తుంది.

సాలిడ్ టైన్, అంటే గుండు కడ్డీ. గుచ్చుతుంది కానీ ఏమీ తీయదు. గట్టిపడిన నేలను వదులు చేయడానికి, నీళ్లు దించడానికి మంచిది. థాచ్ మీద దీని ప్రభావం తక్కువ. ఆట వారం పది రోజుల్లో కుదుటపడుతుంది.

సూది టైన్, 6 నుంచి 8 మిల్లీమీటర్లది. పొద్దున గుచ్చి రోలర్ నడిపితే మర్నాడే ఆడుకోవచ్చు, చాలామందికి తేడా కూడా తెలియదు. వానాకాలంలో గ్రీన్‌కు ఊపిరి ఆడటానికి మూడు నాలుగు వారాలకోసారి నేను చేసేది ఇదే. అలాగని కోరింగ్ బదులు ఏళ్ల తరబడి దీనితోనే నెట్టుకురావచ్చనుకుంటే పొరపాటు. లోపల స్పాంజి పెరుగుతూనే ఉంటుంది.

వర్టికట్, అంటే నిలువు బ్లేడ్లతో గడ్డిని చీల్చడం. బర్ముడాకు ఇది తప్పనిసరి. గరిక తీగలు ఒకే వైపు పాకి గ్రెయిన్ ఏర్పడుతుంది. అప్పుడు ఒకే వాలులో కొట్టిన రెండు పుట్‌లు ఒకటి దూసుకుపోయి, ఒకటి మధ్యలో చతికిలపడతాయి. బ్లేడు ఉపరితలానికి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి దిగకుండా రెండు వారాలకోసారి తేలిగ్గా చేస్తే రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. బ్లేడ్లు లోతుగా దించితే మాత్రం గ్రీన్ దున్నిన పొలంలా కనిపిస్తుంది, కోలుకోవడానికి కోరింగ్‌కు పట్టినంత కాలమూ పట్టవచ్చు. ప్రతిసారీ దిశ మార్చడం మరవకండి.

టాప్ డ్రెసింగ్, అంటే పల్చగా ఇసుక చల్లి బ్రష్ చేయడం. చల్లిన రోజు, మర్నాడు బంతి కాస్త నిదానం, ఆ తర్వాత నున్నదనం పెరుగుతుంది. గ్రీన్ నున్నగా ఉండటానికి ఒకే ఒక్క పని చేయగలిగితే ఏది చేయాలని అడిగితే నేను దీన్నే చెబుతాను. కొంచెం కొంచెం, తరచుగా. ఆర్నెల్లకోసారి బస్తాలకు బస్తాలు కుమ్మరించడం కాదు.

ఎప్పుడు చేయాలి

హైదరాబాద్ వైపు పెద్ద పని ఏప్రిల్ చివరి నుంచి మే నెలాఖరు లోపు. ఎండ మండిపోతుంటే ఏం చేస్తాం అని అడుగుతారు. నీళ్లు ఉంటే గరికకు అదే పండగ. వానలు దిగాక ఇసుక తడిసి ముద్దవుతుంది, బ్రష్ చేయలేరు, హోల్స్‌లోకి బురద దిగుతుంది. రెండో విడత చిన్నగా, సెప్టెంబరు చివర వాన తెరిపి ఇచ్చినప్పుడు మొదలుపెట్టి అక్టోబరు సగానికి ముగించండి. విశాఖ వైపు అక్టోబరు, నవంబరులో తుఫాన్ల గండం ఉంటుంది కాబట్టి ఆ రెండో విడతను ఇంకాస్త ముందుగానే ముగించుకోవాలి.

నవంబరు సగం నుంచి జనవరి నెలాఖరు దాకా కోరింగ్ జోలికి పోవద్దు. దీని వెనక నా సొంత బాధ ఉంది. ఒక క్లబ్బులో పనిచేసే రోజుల్లో జనవరి చివర టోర్నమెంట్ ఉందని, దానికి ముందే పని అయిపోవాలని డిసెంబరు మొదటి వారంలో కోరింగ్ పెట్టమన్నారు. వద్దని గట్టిగా చెప్పాల్సింది, తలూపాను. రాత్రుళ్లు చలి, గడ్డి కదలదు. టోర్నమెంట్ రోజున కూడా గ్రీన్ల మీద చుక్కల ముగ్గు పెట్టినట్టు ఆ హోల్స్ అలాగే ఉన్నాయి. ఫిబ్రవరి దాటాక గానీ పూడలేదు. తిట్లు తిన్నది ఎవరో చెప్పనక్కర్లేదు కదా.

అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనో, ఇంగ్లాండులోనో ఆడుతూ ఇది చదువుతున్నవాళ్లకు ఒక మాట. అక్కడి గ్రీన్లలో చాలావరకు బెంట్ లాంటి చలి గడ్డి. దానికి లెక్క తిరగబడుతుంది. వసంతంలో ఒకసారి, ఆగస్టు చివర నుంచి సెప్టెంబరు మధ్య ఒకసారి చేస్తారు. ఆ గడ్డి జోరుగా పెరిగే కాలం అదే కాబట్టి, మీ వారాంతం ఆట చెడగొట్టాలని కాదు.

ఏమేం కావాలి

ఏరేటర్ మెషిన్, కొత్త టైన్లు. తడి లేని ఇసుక. టాప్ డ్రెస్సర్ గానీ, లేకపోతే తోపుడు బండి, వెడల్పు పారలు గానీ. గట్టి బ్రష్ లేదా డ్రాగ్ మ్యాట్, కొబ్బరి ఈనెల చీపుర్లు, బ్లోయర్. గ్రీన్ల కోసమే చేసిన తేలికపాటి రోలర్. క్రికెట్ పిచ్ మీద తిప్పే రోలర్ పొరపాటున కూడా ఎక్కించకండి. పక్క గ్రౌండ్‌లో ఉంది కదా అని తెచ్చి, కష్టపడి వదులు చేసిన నేలను మళ్లీ రాయి చేసినవాళ్లను చూశాను. ఇంకా బంతి స్పీడ్ కొలిచే స్టింప్‌మీటర్, టేపు, నోట్‌బుక్కు, ఒక పెన్సిల్. పెన్సిల్ రాయడానికి కాదు, ఎందుకో ఐదో మెట్టులో చెబుతాను.

ఇసుక సంగతి కాస్త వివరంగా చెప్పాలి. గింజల్లో ఎక్కువ భాగం పావు మిల్లీమీటరుకూ ఒక మిల్లీమీటరుకూ మధ్య ఉండాలి. గ్రీన్ కట్టినప్పుడు ఏ ఇసుక వాడారో అలాంటిదే వాడాలి. సన్నటిది ఒకసారి, ముతకది ఒకసారి వేస్తే లోపల పొరలు పొరలుగా ఏర్పడి నీళ్లు మధ్యలోనే ఆగిపోతాయి. రోబో సాండ్ వద్దు. దానిలో రాతి పిండి ఎక్కువ, తడిస్తే సిమెంటులా బిగుసుకుంటుంది. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది, అదీ వద్దు.

లోడు దించే ముందే పరీక్ష చేయండి. లీటరు సీసాలో మూడో వంతు ఇసుక, మిగతా నీళ్లు పోసి గట్టిగా కుదిపి పక్కన పెట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో ఇసుక అడుగుకు చేరిపోయి పైన నీళ్లు దాదాపు తేటగా ఉంటే పర్వాలేదు. అరగంటైనా పైన నీళ్లు టీ రంగులో ఉండి, ఇసుక మీద మెత్తటి బురద పొర కనిపిస్తే ఆ లారీని వెనక్కి పంపండి. ఇది ల్యాబ్ పరీక్షకు బదులు కాదు, మోసపోకుండా కాపాడే జల్లెడ మాత్రమే.

ఎంత కావాలో లెక్క వేసుకోవడం సులువు. అరంగుళం హోల్స్ రెండేసి అంగుళాల ఎడంతో కొడితే గ్రీన్ ఉపరితలంలో 4.9 శాతం తెరుచుకుంటుంది. 500 చదరపు మీటర్ల గ్రీన్, మూడంగుళాల లోతు అనుకుంటే హోల్స్‌కే దాదాపు 1.85 ఘనపు మీటర్ల ఇసుక పడుతుంది. ఇసుక వ్యాపారి భాషలో చెప్పాలంటే 65 సీఎఫ్‌టీ, బరువులో మూడు టన్నులకు దగ్గర. పైన ఒక మిల్లీమీటరు పొరకు ఇంకో అర ఘనపు మీటరు. చాలామంది ఇందులో సగం తెప్పించుకుని "సరిపోతుందిలే" అంటారు. సరిపోదు.

పని మొదలు

1. వారం పది రోజుల ముందు గడ్డికి బలం ఇవ్వండి. 500 చదరపు మీటర్లకు సుమారు 2.7 కిలోల యూరియా చాలు. దాన్ని రెండు దఫాలుగా, నీళ్లలో బాగా కరిగించి కొట్టి, వెంటనే స్ప్రింక్లర్ తిప్పి కడిగేయండి. పొడిగా చల్లితే ఆకు మాడుతుంది. అదే వారంలో ఒకసారి తేలిగ్గా వర్టికట్ చేస్తే ఇసుక తర్వాత సులువుగా దిగుతుంది.

2. ముందు రోజే కొలతలు తీసి రాసుకోండి. స్పీడ్, బంతి గుంట లోతు, థాచ్ మందం. ఇది చేయకపోతే "గ్రీన్ ఎప్పుడు మామూలవుతుంది" అన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబే ఉండదు. మామూలు అంటే ఎంతో మీకే తెలియదు కాబట్టి. ఎలా కొలవాలో కింద చెప్పాను.

ఇదే రోజు స్ప్రింక్లర్ హెడ్లు, పైపులు, వైర్లు ఎక్కడున్నాయో జెండాలు పాతండి. ఇసుకను టార్పాలిన్ మీద వడ్లు ఆరబోసినట్టు పల్చగా ఆరబోయండి. గుప్పిట పట్టి వదిలితే వేళ్ల సందుల్లోంచి జారిపోవాలి. ముద్ద కట్టిందంటే ఇంకా తడి ఉంది.

3. పొద్దున్నే గడ్డి కోసి, నేల తడి చూడండి. ఒక ముక్క తీసి పిసికితే ఉండ కట్టాలి, నీళ్లు కారకూడదు. మరీ పొడిగా ఉంటే టైన్ దిగదు. మరీ తడిగా ఉంటే టైన్‌తో పాటు గడ్డి కూడా చాపలా పైకి లేస్తుంది.

4. నర్సరీలోనో, గ్రీన్ పక్కనో నాలుగడుగులు ట్రయల్ నడిపి చూడండి. హోల్ అంచు గుండ్రంగా, శుభ్రంగా ఉండాలి. కోడిగుడ్డు ఆకారంలో సాగి, ఒక పక్క గడ్డి పైకి లేచిందంటే బండి వేగం ఎక్కువ, లేదా టైన్లు అరిగాయి. టైన్ల పొడవు టేపుతో కొలవండి. ఇసుక టైన్‌ను ఎంత త్వరగా తినేస్తుందో చూస్తే ఆశ్చర్యపోతారు. సగం గ్రీన్లకు మూడంగుళాలు దిగి, మిగతా సగానికి రెండే దిగితే దోషం మనిషిది కాదు, అరిగిన టైన్‌ది.

ఎడం గురించి ఒక చిట్కా. 3/8 అంగుళం హోల్స్ ఒకటిన్నర అంగుళం ఎడంతో కొట్టినా తెరుచుకునేది అదే 4.9 శాతం. హోల్ చిన్నది కాబట్టి త్వరగా పూడుతుంది, బంతికి తక్కువ తెలుస్తుంది. ఇబ్బంది ఒకటే, నింపడానికి ఇసుక ఇంకా పొడిగా ఉండాలి, ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. ఓపిక ఉన్న టీమ్ అయితే చిన్నదే ఎంచుకోండి. పావు అంగుళం హోల్స్ అదే ఎడంతో కొడితే తెరుచుకునేది 2.2 శాతమే, ఆట కోసం బాగుంటుంది, థాచ్‌కు పెద్దగా లాభం ఉండదు. టైన్ కొనేటప్పుడు మాత్రం చెప్పే కొలత లోపలి వ్యాసమా, బయటిదా అని అడగండి. లోపల అరంగుళం ఉన్న గొట్టం నేలలో చేసే హోల్ అంతకన్నా పెద్దది.

5. బయటికి వచ్చిన మట్టి ముక్కల్ని ఎండకు గట్టిపడకముందే పారలతో ఎత్తేసి, చీపుర్లతో, బ్లోయర్‌తో శుభ్రం చేయండి. తర్వాత ఇసుక. అంతా ఒకేసారి కుమ్మరించకుండా రెండు దఫాలుగా. ఒక దఫా పరిచి కాస్త ఎండనిచ్చి నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి బ్రష్ చేయాలి. తర్వాత రెండో దఫా.

పెన్సిల్ ఇప్పుడు కావాలి. నేను ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు, సాయంత్రం ఐదింటికి గ్రీన్ అంతా ఇసుకతో నున్నగా కనిపిస్తే పని అయిపోయిందనుకుని అందరినీ పొమ్మన్నాను. ఒక పెద్ద మాలి మాత్రం కదల్లేదు. వంగి ఒక హోల్‌లో చీపురు పుల్ల దించాడు. పుల్ల పైన అరంగుళం గట్టిగా తగిలి, ఆ తర్వాత సర్రున రెండంగుళాలు దిగిపోయింది. "గుంత నిండలే సార్, నోరు మూసుకుంది గంతే," అన్నాడు. తడి ఇసుక మూతలా పైన అడ్డం పడింది, కింద అంతా ఖాళీ. ఆ రాత్రి నీళ్లు పెట్టి ఉంటే పొద్దునకు ఆ ఇసుకంతా లోపలికి కూలి, గ్రీన్ మీద వేల కొద్దీ చిన్న గుంటలు మిగిలేవి. బంతి గెంతేది ఆ గుంటల మీదే.

అందుకే గ్రీన్‌కు కనీసం ఇరవై చోట్ల పెన్సిల్ దించి చూడండి. ఎక్కడైనా సర్రున దిగితే బ్రష్ మళ్లీ తిప్పాలి. హోల్ అంచు దాకా ఇసుక వచ్చాకే ఇంటికి.

ఒక హెచ్చరిక. మే నెలలో మిట్ట మధ్యాహ్నం పొడి ఇసుక మీద బ్రష్ లాగితే గడ్డి ఆకు చిట్లిపోయి, మర్నాటికి ఎర్రబడుతుంది. పదకొండు లోపు ఆపేసి, మళ్లీ నాలుగు తర్వాత మొదలుపెట్టండి. మధ్యలో వాడిపోతున్నట్టు కనిపిస్తే ఇసుక పరచని భాగాలకు రెండు నిమిషాలు నీళ్లు చిలకరించండి.

6. నింపడం అయ్యాక తేలికపాటి రోలర్ రెండు దిశల్లో ఒక్కోసారి. ఆ తర్వాతే నీళ్లు. నీళ్లు పెట్టాక పొద్దున ఇసుక కాస్త కుంగుతుంది, అక్కడక్కడా కొద్దిగా చల్లి బ్రష్ చేయండి. హోల్స్ అంచులు త్వరగా ఎండుతాయి కాబట్టి మొదటి మూడు నాలుగు రోజులు మధ్యాహ్నం పూట కొద్ది కొద్దిగా తడపాలి.

7. మూవర్ ఎత్తు పెంచండి. రోజూ మూడున్నర మిల్లీమీటర్ల దగ్గర కోస్తుంటే ఐదుకు పెంచి, నాలుగైదు రోజులు ఆగి మొదటి కోత. పైన ఇసుక గింజలు ఉంటాయి, కొత్తగా పదును పెట్టిన మూవర్‌ను బలి చేయకుండా పాతది వాడండి. మూవర్‌కు గడ్డి దువ్వే గ్రూమర్ ఉంటే ఎత్తి ఉంచాలి. తర్వాత రెండు మూడు రోజులకోసారి అర మిల్లీమీటరు చొప్పున దించుకుంటూ రండి.

8. ఎనిమిదో రోజు దగ్గర ఇంకోసారి పల్చగా టాప్ డ్రెసింగ్. దీన్ని చాలామంది వదిలేస్తారు. కుంగిన హోల్స్ సమతలానికి వచ్చేది ఈ దఫాతోనే. ఆ వెంటనే రోలర్. తర్వాత వారానికి రెండు మూడుసార్లు రోలర్ తిప్పినా ఇసుక మీద కట్టిన గ్రీన్‌కు నష్టం ఉండదు, నేల మరీ తడిగా లేకుంటే చాలు.

ఫలితం ఎలా చూసుకోవాలి

స్పీడ్‌కు స్టింప్‌మీటర్. 1935లో అమెరికాలోని ఓక్‌మాంట్‌లో జరిగిన యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీలో బంతులు గ్రీన్ దాటిపోవడం చూసి ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఆటగాడు కర్రతో చేసిన పనిముట్టు అది. ఇప్పుడు వచ్చేది 36 అంగుళాల అల్యూమినియం పట్టీ. చదునైన చోట పట్టీ ఒక కొన నేలకు ఆనించి, గాడిలో బంతి పెట్టి, రెండో కొనను మెల్లగా పైకి ఎత్తండి. దాదాపు 20 డిగ్రీల దగ్గర బంతి దానంతటదే జారుతుంది. మీరు తోయకూడదు. మూడు బంతులు ఒక వైపు, అదే దారిలో మూడు బంతులు వెనక్కి. మూడూ ఒకదానికొకటి ఎనిమిదంగుళాల లోపే ఆగాలి, అంతకన్నా చెదిరితే మళ్లీ మొదలుపెట్టండి. రెండు వైపుల సగటు అడుగుల్లో వచ్చేదే స్పీడ్.

గ్రీన్‌లో చదును దొరక్కపోతే మామూలు సగటు మోసం చేస్తుంది. కిందికి 12 అడుగులు, పైకి 8 వచ్చిందనుకోండి, స్పీడ్ 10 కాదు. రెండింటినీ గుణించి, రెట్టింపు చేసి, రెండింటి మొత్తంతో భాగించాలి. 192ను 20తో భాగిస్తే 9.6.

కొలిచి ఏం చూడాలి? ముందు రోజు రాసుకున్న అంకెకు అరడుగు లోపు వచ్చిందా లేదా, అంతే. మిషిగాన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఆటగాళ్లతో పరీక్ష పెడితే ఆరంగుళాల తేడా చాలామందికి తెలియలేదు. కాబట్టి రెండంగుళాల కోసం మూవర్‌ను ఇంకా దించి, కోలుకుంటున్న గడ్డిని చంపుకోకండి.

స్పీడ్ వచ్చినంత మాత్రాన గ్రీన్ బాగుపడినట్టు కాదు. నాకు నున్నదనమే ముఖ్యం. ఒకే చోట స్టింప్‌మీటర్ పెట్టి పది బంతులు వదలండి, పక్కలకు ఎంత చెదిరాయో టేపుతో కొలవండి. ఆ తర్వాత నేల మీద పడుకుని, బంతి ఆగబోయే చివరి రెండడుగుల్ని కళ్ల ఎత్తు నుంచి చూడండి. వేగంగా ఉన్నప్పుడు బంతి అన్నిటినీ దాటేస్తుంది, నిదానించినప్పుడే లోపం బయటపడుతుంది. బంతి వణికినా, గెంతినా ఇంకోసారి పల్చగా ఇసుక, రోలర్. మెంబర్లు నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి.

గట్టితనానికి వంద గజాల నుంచి ప్రతిసారీ అదే గోల్ఫ్ కర్రతో ఐదు బంతులు కొట్టించి గుంటల లోతు చూడండి. మొదటి రెండు వారాలు లోతు పెరగడం సహజం. నెల తర్వాత కూడా పాతదానికన్నా లోతుగా ఉంటే నీళ్లు ఎక్కువ పెడుతున్నారేమో చూసుకోండి.

తరచుగా జరిగే పొరపాట్లు

ప్రతిసారీ ఒకే లోతు. ఏళ్ల తరబడి మూడంగుళాలకే గుచ్చితే టైన్ల కొన తగిలే చోట కొత్త గట్టి పొర ఏర్పడుతుంది. నాగలి కింద చాలు గట్టిపడినట్టే. రెండేళ్లకోసారైనా ఎక్కువ లోతు దిగే మెషిన్ అద్దెకు తెచ్చుకోండి, లేదా లోతు మార్చుతూ ఉండండి.

వాన మబ్బు చూస్తూ కూడా మొదలుపెట్టడం. తెరిచిన హోల్స్ మీద జోరు వాన పడితే ఇసుక నింపే అవకాశం పోతుంది. రోజుకు మూడు గ్రీన్లే పూర్తి చేయగలిగితే మూడే తెరవండి. కోర్సులోని పద్దెనిమిది గ్రీన్లూ గుచ్చేసి ఇసుక కోసం ఎదురుచూడటం కన్నా పెద్ద తప్పు లేదు. ముందు తొమ్మిది, వారం ఆగి వెనక తొమ్మిది చేస్తే ఆట కూడా పూర్తిగా ఆగదు.

కోరింగ్, లోతు వర్టికట్ ఒకే రోజు చేసేయడం. "ఎలాగూ చెడింది కదా" అంటారు. నిండు ఎండాకాలంలో, ఆరోగ్యంగా ఉన్న గ్రీన్‌కైతే చేయొచ్చు. నీడలో ఉన్న గ్రీన్‌కు చేస్తే గడ్డి తేరుకోదు.

ఇక ఇంటి వెనకో, విల్లా కాలనీలోనో చిన్న పుటింగ్ గ్రీన్ ఉన్నవాళ్లకు ఇంత మెషిన్ అక్కర్లేదు. కాలితో నొక్కే గొట్టాల ఫోర్కు తోట సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. 20 చదరపు మీటర్లకు ఇద్దరు కలిస్తే ఒక పొద్దుటి పని. అరంగుళం హోల్స్ మూడంగుళాల ఎడంతో కొట్టి, బకెట్లతో ఇసుక చల్లి, చీపురు తిరగేసి వెనకవైపుతో ఊడ్చండి. ఆ లెక్కకు తెరుచుకునేది రెండు శాతం పైన, ఇసుక అర బస్తా దాటదనుకోకండి, నాలుగైదు తట్టలు పక్కన ఉంచుకోండి. పెన్సిల్ పరీక్ష మీకూ వర్తిస్తుంది.